గేటు దగ్గర మందు ఆగిపోకుండా: సరిహద్దు జిల్లాల జైళ్లలో ఖైదీకి వైద్యం, మానసిక చికిత్స అందేలా చూడటం ఎలా

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలకు వైద్యం ఒక రాష్ట్రంలోనూ, పోలీసు కేసు మరో రాష్ట్రంలోనూ ఉండటం కొత్త కాదు. ఇంట్లో ఎవరికైనా మతి స్థిమితం తప్పితే విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి తీసుకువెళ్లి, నెలకు సరిపడా మాత్రలు తెచ్చుకోవడం ఇటువైపు చాలాకాలంగా ఉన్న అలవాటు. అదే మనిషి ఏదో తగాదాలో అరెస్టయితే మాత్రం వెళ్లేది బరంపురం సర్కిల్ జైలుకో, దగ్గరలోని సబ్ జైలుకో. అక్కడి డాక్టరుకు ఆ విశాఖ చీటీ సంగతి తెలియదు, చెప్పుకుందామంటే ఖైదీకి ఒడియా సరిగా రాదు, చెప్పగలిగిన తల్లి గేటు బయటే నిలబడి ఉంటుంది.

న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా తిరిగే రోజుల్లో ఒక సబ్ జైలు గేటు దగ్గర అలాంటి తల్లినే చూశాను. చేతిరుమాలులో ఆరు మాత్రలు కట్టి తెచ్చింది. మందుల షాపువాడు అట్టను కత్తెరతో కోసి ఇచ్చినందున మందు పేరు ఉండాల్సిన చోట వెండి కాగితం మీద రెండు అక్షరాలే మిగిలాయి. చీటీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉందట. గార్డు ఆ మాత్రలు తీసుకోనన్నాడు, నియమం ప్రకారం తీసుకోకూడదు కూడా. మేము ఆ చీటీ తెప్పించి, దాని సారాంశం ఒడియాలో రాయించి, లోపల అందజేసేసరికి తొమ్మిది రోజులు గడిచాయి. ఆలోగా ఆమె కొడుకు తలను గోడకేసి కొట్టుకుని కుట్లు వేయించుకున్నాడు. ఆ గేటు దగ్గర ఎవరూ దుర్మార్గంగా ప్రవర్తించలేదు. కాగితం ఒకటి సమయానికి లేదు, అంతే. అందుకే ఈ వ్యాసంలో చెప్పే పనుల్లో ఎక్కువ భాగం కాగితాల చుట్టూనే తిరుగుతుంది.

మొదటి పని: రిమాండు రోజే చెప్పించండి

అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టు తరువాత వైద్య పరీక్ష చేయించాలని, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 53వ సెక్షన్ చెబుతోంది. చాలా కుటుంబాలు ఆ పూట బెయిలు గురించి తప్ప మరొకటి ఆలోచించే స్థితిలో ఉండవు. అయినా వకీలు చేత రెండు వాక్యాలు అదనంగా చెప్పించండి: ఈ మనిషి ఫలానా జబ్బుకు మందులు వాడుతున్నాడు, జైల్లో అవి కొనసాగేలా ఆదేశం ఇవ్వాలి. ఆ మాట రిమాండు ఉత్తర్వులోకి ఎక్కితే జైలు అధికారులకు అది బాధ్యత అవుతుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100 నంబరుకు ఫోను చేయండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి.

ఇక్కడ ఒక భయం ఎదురవుతుంది. ‘‘పిచ్చి ముద్ర పడితే రేపు పిల్లను ఎవరిస్తారు’’ అని కుటుంబాలు జబ్బు సంగతి దాస్తాయి. మరికొందరు దీనికి పూర్తిగా ఎదురుగా, జబ్బు ఉందంటే కేసే పోతుందనుకుంటారు. రెండూ పొరపాటే. నేరం జరిగిన క్షణంలో మతి స్థిమితం లేదన్న వాదన వేరు, దానికి కోర్టులో రుజువు కావాలి. ఇప్పుడు చికిత్స కావాలని కోరడం వేరు. రెండోదాని వల్ల నేరాన్ని ఒప్పుకున్నట్టు కాదు, తప్పించుకున్నట్టూ కాదు.

రెండో పని: ఒక్క పేజీ ఉత్తరం

ఇంట్లో ఉన్న ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు, రక్త పరీక్షల రిపోర్టులు, ఖాళీ మాత్రల అట్టలు అన్నీ ఒకచోట చేర్చండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వండి. వాటిపైన ఒక ఉత్తరం పెట్టండి. అది సూపరింటెండెంటు పేరున, మెడికల్ ఆఫీసరు పేరున రెండు ప్రతులుగా ఉండాలి. నేను రాయించే ఉత్తరాల నమూనా ఇది:

‘‘నా కుమారుడు ఫలానా తేదీ నుంచి మీ జైల్లో రిమాండులో ఉన్నాడు. అతనికి ఆరేళ్లుగా మూర్ఛ వ్యాధి ఉంది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి సోడియం వాల్ప్రోయేట్ 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటాడు. ఆఖరి మాత్ర ఆదివారం రాత్రి వేసుకున్నాడు. మాత్ర ఆగినప్పుడు ఇంతకుముందు ఒకసారి రోజంతా ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేర్చాము. చీటీల నకళ్లు జతచేశాను. మందు కొనసాగించి, వైద్య రికార్డులో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను.’’

ఈ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనది ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడో చెప్పే వాక్యం. డాక్టరు ముందుగా లెక్క కట్టేది దానితోనే. ఆత్మహత్యకు ఎప్పుడైనా ప్రయత్నించి ఉంటే అదీ దాచకుండా రాయండి. కేసు గురించి మాత్రం ఒక్క ముక్క కూడా రాయవద్దు. కొట్టింది ఎవరు, మొదట ఎవరు తిట్టారు వంటి మాటలు ఆ కాగితంలోకి వస్తే అది ఎటు పోయి ఎలా తిరిగొస్తుందో చెప్పలేం.

ఉత్తరం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. మందు పేరు, మోతాదు చీటీలో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే దించండి. అందజేసినప్పుడు మీ ప్రతి మీద ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకోండి. వేయనంటే వాదులాట పెట్టుకోక, పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకుని, ఇంకో ప్రతిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ఇవ్వండి. నోటితో చెప్పి వచ్చింది నీటి మీద రాతే. డ్యూటీ మారిన మరుక్షణం అది ఎవరికీ గుర్తుండదు.

మాత్రలను గార్డు చేతికో, ములాఖత్‌లో నేరుగా ఖైదీకో ఇవ్వాలని చూడకండి. అట్ట మొత్తంగా, పేరు, గడువు తేదీ కనిపించేలా, చీటీతో సహా మెడికల్ ఆఫీసరు అనుమతితోనే వెళ్లాలి. చాలా సబ్ జైళ్లలో పూర్తికాలపు డాక్టరు ఉండరు, ఫార్మసిస్టు మీదే బండి నడుస్తుంది. కాబట్టి డాక్టరు వచ్చే రోజు ఏదో కనుక్కుని ఆ రోజుకు ముందే కాగితం లోపలికి చేరేలా చూడండి.

ఆగకూడని మందులు, పొరబడకూడని లక్షణాలు

అన్ని మందులూ ఒకటి కావు. బీపీ మాత్ర ఒక పూట తప్పితే సర్దుకోవచ్చు గానీ, మూర్ఛ మందు హఠాత్తుగా ఆగితే వరసగా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. తీవ్రమైన మానసిక జబ్బుకు ఇచ్చే క్లోజపిన్ 48 గంటలకు మించి ఆగితే మళ్లీ పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, కొద్ది మోతాదు నుంచి పెంచుకుంటూ రావాలి. కాబట్టి ఎన్ని రోజులు ఆగిందో డాక్టరుకు తెలిసి తీరాలి. మనోస్థితి విపరీతంగా మారే జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవారికి రక్త పరీక్ష తప్పనిసరి. ఎండాకాలంలో కిక్కిరిసిన బ్యారక్‌లో నీళ్లు సరిగా తాగకపోతే ఆ మందే విషంగా మారుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పంపమని అడగండి.

మా ప్రాంతంలో అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది సారా మానడం వల్ల వచ్చే ఉపద్రవం. రోజూ విపరీతంగా తాగే మనిషికి జైల్లో చుక్క దొరకదు. మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, గోడల మీద పురుగులు పాకుతున్నాయనీ ఎవరో చంపడానికి వస్తున్నారనీ అరవవచ్చు. దీన్ని నటనగానో, తిక్కగానో చూసి ఒంటరి గదిలో పడేస్తే మనిషి పోవచ్చు. ఇది ఆసుపత్రిలో చూడాల్సిన అత్యవసర స్థితి. అందుకే సిగ్గుపడకుండా రోజుకు ఎంత తాగేవాడో, ఎన్నేళ్లుగానో, చివరిసారి ఎప్పుడో ఆ ఉత్తరంలోనే రాయండి. ఈ ఒక్క వాక్యం రాయడానికే కుటుంబాలు ఎక్కువగా వెనకాడతాయి.

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు మరో జాగ్రత్త అవసరం. ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కితే మనిషి అసందర్భంగా మాట్లాడతాడు, తనవారిని గుర్తుపట్టడు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ హఠాత్తుగా ‘పిచ్చి’గా ప్రవర్తిస్తున్నాడంటే మానసిక వైద్యుడి కోసం ఎదురుచూడటానికి ముందు జ్వరం చూడాలి, మలేరియా పరీక్ష చేయాలి, రక్తంలో చక్కెర చూడాలి. అదే విధంగా సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవారికి చలి, నీటి కొరత వల్ల ఎముకల్లో భరించలేని నొప్పులు వస్తాయి. పైకి దెబ్బ కనిపించదు కాబట్టి నాటకమనుకునే ప్రమాదం ఉంది. సికిల్ సెల్ కార్డు ఉంటే దాని నకలు తప్పక ఇవ్వండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించమనడం ఆ ఖైదీ కోసమే కాదు, పక్కన పడుకునే వారందరి కోసం.

భాష: ఇక్కడే ఎక్కువ నష్టం

ఒడియాలో తలను ‘ముండొ’ అంటారు. తలనొప్పిగా ఉందా అని డాక్టరు మామూలుగా అడిగిన ప్రశ్నను, అవతలి ఊరి నుంచి వచ్చిన తెలుగు కుర్రాడు బూతుగా విని, మొహం తిప్పేసుకుని, తరువాత ఒక్క ప్రశ్నకూ బదులివ్వకపోవడం నాకు తెలిసిన సంగతే. రికార్డులో ఏం చేరుతుంది? సహకరించడం లేదు అని. బరంపురంలో పుట్టిపెరిగిన వాళ్లం దీన్ని హాస్యంగా చెప్పుకుంటాం గానీ, జైలు వైద్య రికార్డులో ఆ ఒక్క మాట ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

మన మనుషులు మానసిక బాధను ఆ పేరుతో చెప్పరు. బుర్ర తిరుగుతోంది, గుండె దడగా ఉంది, ఒళ్లంతా మంటలు, నరాలు లాగేస్తున్నాయి, గాలి సోకింది, ఎవరో చిల్లంగి పెట్టారు అంటారు. వీటిని మాటకు మాట ఒడియాలోకి మార్చితే డాక్టరు గ్యాస్ మాత్రో, నొప్పుల మాత్రో ఇచ్చి పంపుతాడు. దుబాసీగా కూర్చున్నవారు ఆ మాటతో పాటు నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఎవరితోనైనా మాట్లాడుతున్నాడా, చనిపోవాలనిపిస్తోందా అన్న నాలుగు సంగతులూ అడిగి చెప్పాలి. తోటి ఖైదీని దుబాసీగా పెట్టడం తప్పనప్పుడు మాత్రమే చేయాల్సిన పని, ఎందుకంటే పగలు డాక్టరు దగ్గర చెప్పుకున్న సంగతి రాత్రికి బ్యారక్ అంతా పాకుతుంది. మానసిక జబ్బు వివరాలను గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416లో తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడే సలహాదారులు ఉంటారు. జైలు ఫోను నుంచి దాన్ని వాడుకోనివ్వమని సూపరింటెండెంటును లిఖితపూర్వకంగా కోరవచ్చు.

ములాఖత్‌లో మీరు చూడాల్సింది కూడా ఇదే. సామాను గురించి, వాయిదా గురించి మాట్లాడుతూనే మనిషిని గమనించండి. గడ్డం, గోళ్లు, బట్టల శుభ్రత, కళ్లు ఎత్తి చూస్తున్నాడా లేదా, మాట మధ్యలో ఎవరి మాటో వింటున్నట్టు ఆగిపోతున్నాడా. ఇంటికి వచ్చాక తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. జైలుకు వచ్చిన తొలి రాత్రులు, బెయిలు కొట్టేసిన రోజు, శిక్ష పడిన రోజు, ఇంటివాళ్లు రావడం మానేసిన నెల ఎక్కువ ప్రమాదకరమైనవి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే అదే పూట సూపరింటెండెంటుకు రాసి ఇచ్చి, మనిషిని ఒంటరిగా ఉంచవద్దని, తోడు ఉంచమని, డాక్టరుకు చూపించమని కోరండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి సంరక్షణ కల్పించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. జైల్లో ఉన్నంత మాత్రాన అది వర్తించకుండా పోదు.

చట్టంలో మీ చేతికి ఏముంది

పాతదే అయినా 1894 జైళ్ల చట్టం చాలా పనికొస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి నేరాభియోగ ఖైదీని వైద్యాధికారి పరీక్షించి ఆరోగ్య స్థితిని పుస్తకంలో రాయాలని 24వ సెక్షన్, ఖైదీ డాక్టరును చూడాలని అడిగినా, ఆరోగ్యం బాగాలేనట్టు కనిపించినా ఆలస్యం లేకుండా జైలరుకు తెలపాలని 37వ సెక్షన్, జైలు క్రమశిక్షణ వల్ల ఖైదీ మనసు దెబ్బతింటోందని తోస్తే వైద్యాధికారి సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా నివేదించాలని 14వ సెక్షన్ చెబుతాయి. ఉత్తరంలో ఈ నంబర్లు వేస్తే దాన్ని చదివే తీరు మారుతుంది.

2017 చట్టం 103వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది. మానసిక జబ్బు ఉన్న ఖైదీని జైలు వైద్య విభాగంలోని మానసిక వార్డుకు మార్చవచ్చు. అలాంటి వార్డు లేకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతితో బయటి చికిత్సాలయానికి పంపవచ్చు. జైల్లో మానసిక జబ్బు ఉన్నవారెవరూ లేరని ధ్రువీకరిస్తూ జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి బోర్డుకు నివేదిక పంపాలి. ఈ నిబంధన మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఎవరూ లేరని రాయడం కంటే తేలికైన పని ఇంకొకటి లేదు. కానీ డైరీ నంబరు పడిన మీ ఉత్తరం అదే కార్యాలయం ఫైల్లో ఉన్నప్పుడు ఆ మాట రాయడం అంత తేలిక కాదు. బోర్డు జైలును సందర్శించి ఆ ఖైదీని ఎందుకు బదిలీ చేయలేదని అడగవచ్చు. అందుకే ఉత్తరం ప్రతిని బోర్డుకూ పంపండి. ఇదే 2017 చట్టం 14వ సెక్షన్ కింద ఖైదీ తెల్లకాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి మిమ్మల్ని తన నామినేటెడ్ ప్రతినిధిగా పెట్టుకోవచ్చు, దానితో చికిత్స విషయంలో మాట్లాడే హక్కు మీకు వస్తుంది.

విచారణను అర్థం చేసుకునే స్థితిలో మనిషి లేకపోతే నాగరిక సురక్షా సంహిత 367వ సెక్షన్ నుంచి మొదలయ్యే నిబంధనల కింద మేజిస్ట్రేటు వైద్య పరీక్షకు పంపాలి. తరువాత ఆ కేసును వదిలేయకుండా ప్రతి వాయిదాకూ వెంటపడటం వకీలు పని, వకీలు వెంటపడుతున్నాడో లేదో చూడటం మీ పని. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే మనిషిని 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి పంపారు. అతను నయమయ్యాడని రాసిన కాగితాలను పట్టించుకున్నవారు లేక, విచారణే జరగకుండా 54 ఏళ్లు బందీగా ఉండి 2005లో విడుదలయ్యాడు. చికిత్సకు పంపడంతో కథ ముగిసిందని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి.

విచారణ ఖైదీల సమీక్షా కమిటీకి జిల్లా జడ్జి అధ్యక్షులు. మతి స్థిమితం లేనివారు, ప్రత్యేక చికిత్స అవసరమైన రోగులు ఆ కమిటీ పరిశీలించాల్సిన వర్గాల్లో ఉన్నారు. నాగరిక సురక్షా సంహిత 480వ సెక్షన్ కింద జబ్బుపడినవారికి, అశక్తులకు బెయిలు విషయంలో వెసులుబాటు ఉంది. శిక్ష గరిష్ఠ కాలంలో సగం, మొదటిసారి కేసయితే మూడో వంతు గడిపిన విచారణ ఖైదీని విడుదల చేయడం గురించి అదే సంహిత 479వ సెక్షన్ చెబుతుంది, మరణశిక్ష, యావజ్జీవం పడగల కేసులకు తప్ప. న్యాయ సేవాధికార సంస్థకు ఈ నంబర్లతో ఒక దరఖాస్తు చాలు.

సమాచారం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలని 7వ సెక్షన్ చెబుతోంది. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి. దరఖాస్తు తెలుగులో రాసి తిప్పలు పడకండి, ఒడియాలో రాయించండి.

ఒక్క ఖైదీకి కాక, జైలు మొత్తానికి వైద్యం మెరుగుపరచాలంటే

మీరు జైలును చూడటానికి నియమితులైన అధికారేతర సందర్శకులో, బార్ అసోసియేషన్ సభ్యులో, స్వచ్ఛంద సంస్థవారో అయితే కొత్త భవనం అడగడంతో మొదలుపెట్టకండి. డాక్టరు వచ్చే రోజు ఒకటి స్థిరపరచమని అడగండి. జైళ్ల నుంచి రోగులను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ఎస్కార్టు పోలీసులు దొరకకపోవడమే తరచుగా ఉండే అడ్డంకి, దొరికేలోగా వైద్యుడిచ్చిన తేదీ దాటిపోతుంది. పదిమంది ఖైదీలను బయటకు తిప్పడం కంటే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడు పదిహేను రోజులకోసారి జైలుకు రావడమో, వీడియోలో చూడటమో అందరికీ తేలిక. ఆ కోరికను జిల్లా ముఖ్య వైద్యాధికారి(సీడీఎంఓ)కీ, జైలు సూపరింటెండెంటుకూ, జిల్లా జడ్జికీ ఒకే రోజు ఒకే కాగితంగా ఇవ్వండి. విడివిడిగా ఇస్తే ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తారు. జైళ్లలోని వైద్యాధికారులందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలని 2017 చట్టంలోనే ఉంది, ఖైదీలకు, ముఖ్యంగా మొదటిసారి వచ్చినవారికి, కౌన్సిలర్లు ఉండాలని సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరులో, 1382 జైళ్లలోని అమానవీయ పరిస్థితులపై నడిచిన కేసులో చెప్పింది. ఆ రెండూ కాగితంలో ఉదహరించండి.

పెద్ద వైద్యం కోసం గంజాం, గజపతి వైపు నుంచి బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాలకు, కోరాపుట్ వైపు అక్కడి షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలకు పంపించమని అడగవచ్చు. 1943 మార్చి 29న బరంపురం జైల్లోనే ఉరితీసిన స్వాతంత్ర్య సమరయోధుడి పేరు అది, ఖైదీని అక్కడికి పంపమని రాసేటప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

సందర్శనకు వెళ్లినప్పుడు అందరికీ బాగుందా అని బ్యారక్ ముందు నిలబడి అడగడం దండగ. ప్రవేశ పరీక్ష పుస్తకం చూపించమనండి. అన్ని పేర్ల ఎదురుగా ఒకే చేతిరాతలో ఒకే వాక్యం ఉంటే పరీక్ష జరగలేదని అర్థం. మందుల గది చూడండి: మూర్ఛకు, సారా మానేవారికి, మతి స్థిమితం తప్పినవారికి ఇచ్చే ప్రాథమిక మందులు ఇవాళ ఉన్నాయా, అయిపోతే తెప్పించడానికి ఎన్నాళ్లు పడుతోంది. రాత్రి ఎవరికైనా ఫిట్స్ వస్తే ఎవరికి ఫోను చేస్తారో గార్డును అడగండి. తడుముకుంటే అదే మీ నివేదికలో మొదటి వాక్యం కావాలి. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన నలుగురైదుగురు వాలంటీర్ల పేర్లు డాక్టరు వచ్చే రోజులకు జాబితాగా ఇవ్వడానికి ఖర్చేమీ కాదు.

విడుదల రోజు

బెయిలు ఉత్తర్వు చాలాసార్లు సాయంత్రం చేరుతుంది. మనిషి చీకటిపడే వేళకు గేటు బయటికి వస్తాడు, ఫార్మసిస్టు అప్పటికే వెళ్లిపోయి ఉంటాడు, మందులు లోపలే ఉండిపోతాయి. కాబట్టి బెయిలు దరఖాస్తు వేసిన రోజే మెడికల్ ఆఫీసరుకు మరో చీటీ ఇవ్వండి: విడుదలైతే కనీసం పదిహేను రోజుల మందులు, జైల్లో ఇచ్చిన చికిత్స వివరాల నకలు సిద్ధంగా ఉంచాలని. జైల్లో మందు మారి ఉండవచ్చు, ఇంట్లో మిగిలిన పాత మాత్రలను కొత్తవాటితో కలిపి వేయకండి. జామీను కాగితాల పని చూసుకునే మనిషి ఒకరు, మందుల సంచీ కోసం ఆగే మనిషి మరొకరు వెళ్లండి. మందులు చేతికి వచ్చాక వాటిని ఎన్ని రోజులకు ఇచ్చారో లెక్కపెట్టి, అవి అయిపోవడానికి మూడు రోజుల ముందు తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, ఆ రోజు జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికో, విశాఖకో వెళ్లేటప్పుడు జైలు ఇచ్చిన నకలు కూడా వెంట తీసుకువెళ్లండి.